మేమును మనమును: మావోరీల భాషాచరిత్రము

తెలుగున "మేము", "మనము" అను రెండు మాటలు గలవు. ఎదుటివారిని విడిచి చెప్పునపుడు "మేము" అనియు, కలుపుకొని చెప్పునపుడు "మనము" అనియు అందుము. "మేము భోజనము చేసితిమి" అని చెప్పు గృహిణికిని, "మనము భోజనము చేయుదము రండు" అని పిలుచు గృహిణికిని గల భేదము గుమ్మమున నిలిచిన యతిథికి చక్కగా తెలియును. ఆంగ్లభాషలో నీ భేదము లేదు. అచట రెండింటికిని ఒక్కటే మాట. కాని మనకు పదివేల కిలోమీటర్లకు పైబడిన దూరమున, దక్షిణ పసిఫిక్ మహాసముద్రమునందలి న్యూజీలాండు దీవులలో నొక జాతివారు ఈ భేదమును మనవలెనే పాటింతురు. వారు మావోరీలు. మనము అనుటకు వారు "తాతౌ" అందురు. మేము అనుటకు "మాతౌ" అందురు. సంస్కృతమునందువలె వారికి ద్వివచనము గూడ గలదు. "నీవును నేనును" అనుటకు "తావ", "నీవు గాక మే మిరువురము" అనుటకు "మావ" అని వేరు మాటలు.

మాట చెప్పువాడు ఎదుటివానిని గలుపుకొనెనా, విడిచెనా యని విచారించు భాష గల యీ జాతి, అట్టి విచారణ లేని భాష గల జాతితో నొక యొడంబడిక చేసికొన్నపుడు ఏమి జరిగెనో, పిదప నా భాషయే యిండ్లనుండి తొలగిపోవుచుండగా దాని నెవరు నిలిపిరో చెప్పుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మావోరీ భాషయందు తెలుగువారికి వింతగా తోచు విషయములు మరి రెండు గలవు. తెలుగు అజంతభాష యని మనము గర్వింతుము. మావోరీ మనకంటెను అజంతము. అందు ప్రతిపదమును అచ్చుతోనే ముగియును. రెండు హల్లులు కలిసి సంయుక్తాక్షరమగుట యెచటను లేదు. హల్లులు పదియే; అచ్చు లయిదు, వానికి హ్రస్వదీర్ఘములు. రెండవది, మన బాలబాలికలు ఓనమాలలో వల్లించి, "వాఙ్మయము" వంటి కొన్ని మాటలలో దప్ప పెద్దయైన పిదప కనియెరుగని "ఙ" యను నక్షరము మావోరీలకు నిత్యవ్యవహారమున నున్నది. పదము మొదటనే వచ్చును. ఈ పోలికలు చూచి తెలుగునకును మావోరీకిని చుట్టరికము గలదని యెవరును భ్రమపడరాదు. తాహితి, హవాయి, సమోవా దీవుల భాషలు మావోరీకి అక్కచెల్లెండ్రు. మలయా భాషయు, ఆఫ్రికా చెంత మడగాస్కరు దీవి భాషయు, తైవాను దీవియందలి యాదిమ జాతుల భాషలును దూరపు బంధువులు. సముద్రముపై నింత విరివిగా వ్యాపించిన భాషాకుటుంబము పూర్వకాలమున మరియొకటి లేదు.

ఆ వ్యాప్తి నావికుల బుద్ధిబలము వలన గలిగినది. దిక్సూచి లేకయే, నక్షత్రముల యుదయాస్తమయములను, అలల వాలును, పక్షుల రాకపోకలను గుర్తించి నడుపు జంటపడవలలో క్రీస్తుశకము 13వ శతాబ్దము ప్రాంతమున తూర్పు పాలినీషియానుండి వీరి పూర్వులు ఈ దీవులకు వచ్చిరి. కుక్కను, కుమర యనబడు చిలగడదుంపను వెంట తెచ్చిరి. ఆ దుంప పుట్టుక దక్షిణ అమెరికా. అది వారి చేతికి చిక్కుటయే వారి ప్రయాణములు ఎంత దూరము సాగెనో తెలుపుచున్నది. అన్ని జాతులవలెనే వారును దోషరహితులు కారు. వారు వచ్చిన కొలదికాలములోనే మోవా యను మహాపక్షులు వేటవలన నశించెను. తెగలకు తెగలకు యుద్ధములును తరచు.

"మావోరీ" యనగా సామాన్యము, సహజము అని యర్థము. పరాయివారు రాకముందు ఒక జాతికి తన కొక పేరు పెట్టుకొనవలసిన పని యేమున్నది? తెల్లవారు వచ్చిన పిదప వారిని "పాకెహా" యనియు, తమ్ము మావోరీలనియు చెప్పుకొనిరి. 1642లో తాస్మను అను డచ్చి నావికుడు ఈ తీరమును చూచెను. 1769లో కుక్కు దొర వచ్చినపుడు అతని యోడలో తుపయ యను నొక తాహితి ప్రాంతపు పండితుడుండెను. తుపయ తన భాషలో పలుకగా మావోరీలకు తెలిసెను. అనేక శతాబ్దముల యెడబాటు తరువాతను అక్కచెల్లెండ్ర మాట చెడలేదు.

వారి జీవనము వారి మాటలలోనే కలదు. "ఫెనువ" యనగా భూమి. ఆ మాటకే గర్భమునందలి మాయ యనియు నర్థము. బిడ్డ పుట్టగనే మాయను తమ భూమిలో పూడ్చుట వారి యాచారము. "హపూ" యనగా ఉపజాతి, గర్భవతి యనియు నర్థము. "ఫానవు" అనగా కుటుంబము, పుట్టుట యనియు నర్థము. తల్లి కడుపును దేశమును ఒకే మాటతో బిలుచు జాతి, భూమిని అమ్మకపు సరకుగా దలపకుండుటలో వింత లేదు. "మరయె" యను సభాస్థలముననున్న చెక్కడపు మందిరము వారికి పూర్వపురుషుని దేహము. నడికప్పు దూలము అతని వెన్నెముక, వాసములు ప్రక్కటెముకలు. అతిథులు వచ్చినపుడు ఆ మందిరము ముందర మొట్టమొదట లేచునది స్త్రీకంఠము. "కరంగ" యను నా పిలుపు స్త్రీ నోట వెలువడినగాని అతిథులు లోనికి నడువరు. హరకెకె యను నారమొక్క యాకులతో చాపలు, బుట్టలు, వస్త్రములు అల్లుదురు. ఆ మొక్క నడుమనున్న లేతమొవ్వు బిడ్డ. దాని కిరుప్రక్కల యాకులు తలిదండ్రులు. వీనిని కోయరాదు, వెలుపలి ముదురాకులనే, తాత బామ్మల యాకులనే, కోయవలెను. ఈ నియమమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మరల నీ ప్రసంగము వచ్చును.

మావోరీలకు పూర్వము లిపి లేదు. వంశావళులును పాటలును కంఠస్థములు. క్రైస్తవ మతబోధకుడగు కెండల్ అనునతడు 1815లో మావోరీ భాషలో మొదటి చిన్న పుస్తకమును అచ్చు వేయించెను. 1820లో అతడు హోంగి హిక, వైకాతో అను నిరువురు నాయకులతో ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జి పండితుడు సామ్యూలు లీ సహాయమున మావోరీ వ్యాకరణ నిఘంటువులను ప్రకటించెను. ఆ ప్రయాణమునుండియే హోంగి తుపాకులతో మరలి వచ్చెను. తరువాతి తెగల యుద్ధములలో వేలకొలది మావోరీలు మావోరీల చేతనే హతులైరి. అక్షరమును ఆయుధమును ఒకే యోడలో దిగినవన్న మాట.

1834 కడపట కొలెన్సో అను ముద్రాపకుడు అచ్చుయంత్రముతో వచ్చెను. 1837లో బైబిలు నూతన నిబంధన మావోరీ భాషలో అయిదువేల ప్రతులు వెలువడెను. చదువు దావానలమువలె వ్యాపించెను. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పెను. మతబోధకులు చేరని పల్లెలకు గూడ మావోరీలే అక్షరములు తీసికొనిపోయిరి. 1842 మొదలుకొని మావోరీ భాషలో వార్తాపత్రికలు వెలువడెను. ఈ కొలెన్సోయే 1836 ప్రాంతమున ఒక పల్లెలో కంచు పాత్రలో స్త్రీలు దుంపలు ఉడికించుట చూచెను. అది పాత్ర కాదు, ఓడగంట. దానిపై అరవ యక్షరములు చెక్కి యుండెను. మొహియుద్దీన్ బక్షు ఓడగంట యని దాని భావము. మన పొరుగు భాషాక్షరములు ఆ దీవులలో వంటపాత్రపై మూగవై యుండెను. చదువువారు లేని చోట అక్షరము గీత మాత్రమే. ఆ గంట నేడు వెలింగ్టను నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది.

ఇట్లు చదువు మరగిన జాతికే చదువువలన గొప్ప మోసము జరిగినది. 1840 ఫిబ్రవరి నెలలో హాబ్సను అను ఇంగ్లీషు అధికారి వైతంగి యను చోట మావోరీ నాయకులతో నొక సంధి చేసికొనదలచెను. ఆంగ్లమున వ్రాసిన దానిని మతబోధకుడు హెన్రీ విలియమ్సును అతని కుమారుడును 4వ తేదీ రాత్రి ఒక్క రాత్రిలో మావోరీలోనికి మార్చిరి. 6వ తేదీన సంతకములు మొదలయ్యెను. ఆంగ్లప్రతిలో నాయకులు తమ సార్వభౌమాధికారమును రాణికి పూర్తిగా ధారపోసినట్లున్నది. మావోరీ ప్రతిలో వారిచ్చినది "కావనతంగ" మాత్రమే. అది "గవర్నరు" అను మాటనుండి పుట్టించిన కొత్తమాట. గవర్నరుపని, అనగా పాలనావ్యవహారము. అయిదేండ్లకు ముందు, 1835లో ఉత్తరదేశ నాయకులు చేసిన స్వాతంత్ర్యప్రకటనలో రాజ్యాధికారమునకు "మన" యను గొప్పమాట వాడబడెను. ఇది తెలుగు చెవికి మనదివలె వినబడుచున్నను, వారికి తేజస్సు, అధికారము, గౌరవము అని యర్థము. సంధిలో ఆ మాట లేదు. ఉన్నచో ఏ నాయకుడును చేవ్రాలు చేసి యుండడని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. పైగా మావోరీ ప్రతి రెండవ ప్రకరణమున భూములపైనను, గ్రామములపైనను, సమస్త నిధులపైనను నాయకుల సంపూర్ణాధిపత్యము వారికే యుండునని వ్రాయబడెను. అయిదువందలకు మించిన నాయకులు, వారిలో పదుమూడుగురికి తక్కువ గాని స్త్రీలు, సంతకములు చేసిరి. ఆంగ్లప్రతిపై చేసినవారు 39 మంది మాత్రమే.

నాయకులు "మనము కలిసి యుందము" అని విన్నారు. అధికారులు "మేము ఏలుదుము" అని వ్రాసికొన్నారు. తరువాతి యుద్ధములు, జప్తులు ఈ యెడమునుండి పుట్టెను. 1863లో వైకాతో ప్రాంతముపై సైన్యములు దండెత్తెను. అదే యేట తిరుగుబాటుదారుల భూములను జప్తు చేయు చట్టము వచ్చెను. 1865లో నేర్పడిన భూమి న్యాయస్థానము తెగకంతటికి నుమ్మడియైన భూమిని వ్యక్తుల పేర విడదీసి యమ్మకమునకు అనువుగా జేసెను. పరిహాక యను గ్రామమున తే విటి, తోహు అను పెద్దలు ఆయుధము పట్టక, సర్కారు కొలతవేసిన భూములను నాగళ్లతో దున్ని నిరసన తెలిపిరి. 1881 నవంబరు 5వ తేదీన దాదాపు 1,600 మంది బలగము ఆ గ్రామముపైబడగా, ఎదురువచ్చినవారు పాటలు పాడు చిన్నపిల్లలు. గ్రామస్థులు సైనికులకు రొట్టెలు పెట్టిరి. పెద్దలను విచారణ లేకయే చెరబెట్టిరి. భూమి పోయినది, కొత్త రోగములు వచ్చినవి. 1896 జనాభా లెక్కలలో మావోరీలు 42 వేల ప్రాంతమునకు దిగిరి. ఈ జాతి యంతరించుచున్నదని తెల్లవారు పలువురు నమ్మిరి.

జాతి యంతరింపలేదు. 1893లో మేరి తే తై మంగకాహియ యను యువతి మావోరీల స్వకీయ శాసనసభయెదుట నిలిచి, స్త్రీలకు ఓటు హక్కు మాత్రమే గాక సభ్యత్వార్హతయు కావలెనని వాదించెను. భూములు గల స్త్రీలు పెక్కుమంది కలరని ఆమె చూపిన కారణము. అదే యేట దేశపు చట్టము స్త్రీల కెల్లరకు ఓటు నిచ్చెను. మావోరీ స్త్రీలును అందు జేరిరి. ఆంగ్లవిద్య నేర్చిన పొమారె, తే రంగి హిరోవ యను వైద్యులును, అపిరన ఙాత యను పట్టభద్రుడును పల్లెలలో మంచినీరు, శుభ్రత, సేద్యము వృద్ధిచేసిరి. ఙాత ఆ జాతి పాటలను సేకరించి 1928 మొదలు గ్రంథరూపమున ప్రకటించెను. జనసంఖ్య పెరిగెను.

కాని మనుష్యులు పెరుగుచుండగా మాట తగ్గుచుండెను. దీని కారణమును మేము దాచక చెప్పవలెను. 1867 నాటి చట్టము ప్రకారము మావోరీ పల్లెలలో స్థాపింపబడిన పాఠశాలలు ఆంగ్లమున బోధింపవలసి యుండెను. పాఠశాల యావరణలో మావోరీ మాటాడిన పిల్లలకు దెబ్బలు దగిలెను. ఇది సర్కారు దోషము. అయితే ఆ పాఠశాలలకు భూమి నిచ్చినది మావోరీ పెద్దలే. పిల్లలకు ఆంగ్లమే చెప్పుడని కోరిన తలిదండ్రులును పలువురుండిరి. వారికి భాషయందు ద్వేషము లేదు. మావోరీ యింటిలో నెటులును ఉండును గదా, బడిలో ఆంగ్లము రానిండు అనుకొనిరి. ఙాత వంటి దేశభక్తుడును ఒకప్పుడు బడిలో ఆంగ్లమునకే అగ్రస్థానమిచ్చెను. వారి యూహ యొకచోట తప్పినది. బడిలో దెబ్బలు తిన్న పిల్లలు తలిదండ్రులైన పిదప, ఆ దెబ్బలు తమ బిడ్డలకు వలదని, ఇంటిలోనే ఆంగ్లము మాటాడిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము కుటుంబములు పల్లెలు విడిచి నగరములకు వలసపోయెను. అచట మరయె లేదు, బామ్మ లేదు, పొరుగువాడు పాకెహా. 1913లో మావోరీ బడిపిల్లలలో నూటికి 90 మందికి తమ భాష వచ్చును. 1975 నాటికి అయిదుగురికే వచ్చును. నిషేధాజ్ఞ యేదియు నింటిలో ప్రవేశింపలేదు. ప్రేమ గల తల్లియే తలుపు మూసినది.

1972 సెప్టెంబరు 14వ తేదీన మావోరీ యువకులును పెద్దలును ముప్పదివేలకు మించిన చేవ్రాళ్లతో నొక విజ్ఞప్తిని శాసనసభకు తెచ్చిరి. తమ భాషను బడులలో నేర్పవలెనని మాత్రమే వారు కోరిరి. ఆ తెచ్చినవారిలో పలువురు యువకులకు తమ భాష రాదు. రానందున గలిగిన దుఃఖమే వారిని నడిపించినది. 1984లో నేడ గ్లావిష్ అను టెలిఫోను ఉద్యోగిని పిలిచినవారిని "కియ ఓర" యని మావోరీ పలుకుతో పలుకరించినందుకు పైయధికారి మందలించెను. ఆమె మానలేదు. దేశమంతయు చర్చ జరిగి తుదకామె పలుకే నెగ్గెను. 1986లో వైతంగి న్యాయసభ, సంధిలో రక్షింతుమన్న నిధులలో భాషయు నొకటి యని తీర్మానించెను. 1987లో మావోరీ దేశాధికార భాషయయ్యెను.

ఐనను భాషను నిలిపినది చట్టము కాదని మా నమ్మకము. చట్టమున కైదేండ్లు ముందే, 1982 ఏప్రిలులో, వెలింగ్టను చెంతనున్న వైనుయిఓమత యను చోట మొదటి "కోహంగ రెఓ" తెరవబడెను. కోహంగ యనగా గూడు, రెఓ యనగా భాష, భాషాగూడు అన్నమాట. పాఠ్యపుస్తకములు లేవు, పరీక్షలు లేవు. మరయెలలో, చర్చి వసారాలలో, ఇంటి ప్రక్క కారుషెడ్లలో చాపలు పరచి, బామ్మలు మాటలింక రాని పసివారిని ఒడిలో గూర్చుండబెట్టుకొని రోజంతయు మావోరీలోనే మాటాడిరి, అన్నము పెట్టిరి, జోకొట్టిరి. నడిమి తరము తలిదండ్రులకు భాష రాదు. మొవ్వును నిలుపుటకు ముదురాకులే పూనుకొనవలసి వచ్చెను. పిల్లలు ఇంటికి పోయి తల్లులకు మాటలు నేర్పిరి. ఆ తల్లులు సిగ్గు విడిచి బిడ్డల ప్రక్కన చాపపై గూర్చుండి నేర్చుకొనిరి. పదునొకండేండ్లలో ఇట్టి గూళ్లు ఎనిమిదివందలకు మించెను. పదునాలుగు వేలమంది పిల్లలు వానిలో నుండిరి. వారి కొరకు 1985లో మావోరీ మాధ్యమపు బడులును, 2004లో మావోరీ దూరదర్శినియు వచ్చెను.

కథ సుఖాంతమైనదని చెప్పజాలము. గూళ్ల సంఖ్య తరువాత తగ్గినది. 2023 జనాభా లెక్కలలో మావోరీలు 8,87,493 మంది. దేశమంతట మావోరీ మాటాడగలమన్నవారు 2,13,849 మంది. ఇది పూర్వపు లెక్కకన్న హెచ్చేయైనను, నలుగురు మావోరీలలో ఒక్కనికైనను పూర్తిగా చాలని సంఖ్య. సంధి మాటల వివాదమును సమసిపోలేదు. సంధి సూత్రములను కొత్తగా నిర్వచింపబూనిన బిల్లునకు వ్యతిరేకముగా 2024 నవంబరులో వేలకొలది జనులు శాసనసభవద్దకు నడచి వచ్చిరి. 2025 ఏప్రిలులో ఆ బిల్లు 112 ఓట్లకు 11 ఓట్లతో వీగిపోయెను. ఒక రాత్రి తొందరలో చేసిన భాషాంతరీకరణమునకు నూటయెనుబదియైదేండ్లైనను సమాధానము చెప్పుకొనుచునే యుండవలసి వచ్చినది.

ఈ చరిత్రలో మా మనస్సును మిక్కిలి కలచినది యుద్ధము గాదు, జప్తు గాదు. ఇంటిలో నెటులును ఉండును గదా యన్న యా తలిదండ్రుల మాట. అది దుష్టుల మాట గాదు. బిడ్డ బాగుపడవలెనను కోరికతో మన యిండ్లలోను వినబడు మాటయే. పరభాష నేర్చుట తప్పు గాదు. నేర్చిన మావోరీలే తమ జాతిని బ్రతికించిరి. కాని ఇంటిమాట తనంతట తా నుండదు. ఎవరో యొకరు ప్రతిదినమును పొయ్యివద్ద, ఊయెలవద్ద దానిని పలుకుచుండవలెను. మనుమడు బామ్మతో ఆంగ్లమున మాటాడిన నాడు ఆ యింటిలో "తాతౌ"నకును "మాతౌ"నకును భేదము చెరిగిపోయినది. ఆ భేదమును పిల్లవానికి మరల దెలిపినది గూటిలో చాపపై గూర్చున్న యొక ముసలిది. ఆమె వానితో మొదట పలికినది "మేము" అని గాదు, "మనము" అని.